రెడ్‌లైన్ దగ్గర గేరు ఎందుకు పడదు? సింక్రో గేర్‌బాక్స్ హద్దు కొలిచి సరిచేసే పద్ధతి

ఐదు వేల ఆర్‌పీఎం దగ్గర చక్కగా పడే సెకండ్ గేరు ఎనిమిది వేల దగ్గర గర్రుమంటుంది. లేదంటే గేర్ రాడ్ సగం దాకా వచ్చి అక్కడే మొండికేస్తుంది. ఏది జరిగినా మొదటి అనుమానం గేర్‌బాక్స్ మీదకే పోతుంది. బాక్సు దించి, సింక్రో రింగులు (గేరు పడేముందు రెండు వైపుల వేగాలను కలిపేవి) మార్పించి, బిల్లు కట్టి మళ్లీ ట్రాక్ మీదకు వెళ్తే అదే గోల. సింక్రోకు ఆర్‌పీఎం మీటరుతో పని లేదు. అది చూసేది నాలుగే: ఎంత వేగం తేడా చెరపాలి, తిరుగుతున్న ఎంత బరువును ఆపాలి, గేరును పట్టే స్లీవ్ అనే జారే ముక్క మీద ఎంత బలం పడుతోంది, ఎంత టైమ్ దొరికింది. వీటిలో చాలా భాగం క్లచ్‌లోనో డ్రైవర్ చేతిలోనో తేలుతుంది. అందుకే ఇక్కడి వరుసలో బాక్సు విప్పడం చివరికి వస్తుంది.

లెక్కలకు హోండా ఎస్2000 తీసుకుందాం. 1999లో వచ్చిన తొలి తరం ఏపీ1కు 2.0 లీటర్ ఇంజిన్, 9000 ఆర్‌పీఎం రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని వేగం), ఆరు గేర్ల మాన్యువల్ బాక్స్. సింక్రోను ఇంత పైన పనిచేయించే రోడ్డు కార్లు తక్కువ కాబట్టి విషయం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. పద్ధతి మాత్రం ఏ సింక్రో బాక్సుకైనా ఒకటే.

లోపల జరిగేది

ముందుకు వెళ్లే గేర్ల జతలన్నీ ఎప్పుడూ పళ్లు కలిసే తిరుగుతుంటాయి. గేరు వేయడమంటే షాఫ్ట్ మీద వదులుగా తిరుగుతున్న ఒక గేరును ఆ షాఫ్ట్‌కు కట్టేయడం. షాఫ్ట్‌కు బిగిసి ఉండేది హబ్. దాని మీద అటూ ఇటూ జారేది స్లీవ్. స్లీవ్‌ను నెట్టేది ఫోర్క్. గేరు పక్కనే చిన్న పదునైన పళ్ల వరుస ఒకటి ఉంటుంది, దాన్ని డాగ్ టీత్ అంటారు. స్లీవ్ వెళ్లి ఆ పళ్లను పట్టుకుంటే గేరు పడినట్టు.

హబ్ చక్రాలతో పాటు తిరుగుతుంది, కారు వేగం మారితే తప్ప దాని వేగం మారదు. గేరు వైపు ఉండేవి క్లచ్ ప్లేటు, ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి బాక్సులోకి వెళ్లేది), లే షాఫ్ట్ (దాని పక్కన తిరిగేది), వాటితో కలిసి తిరిగే గేర్లు. క్లచ్ తొక్కగానే ఇంజిన్ నుంచి విడిపోయేది ఈ గుంపే. దీన్ని కొత్త గేరుకు తగిన వేగానికి తేవడం సింక్రో పని.

స్లీవ్ కదలడం మొదలవగానే హబ్‌లోని చిన్న కీ ముక్కలు సింక్రో రింగును గేరు కోన్ (గేరు పక్కన ఉండే శంకువు ఆకారపు భాగం) మీదకు నొక్కుతాయి. రింగు లోపలి సన్నటి గాడులు ఆయిల్ పొరను తుడిచేస్తాయి, రాపిడి పట్టుకుంటుంది. ఆ రాపిడికి రింగు కొద్దిగా పక్కకు తిరిగి స్లీవ్ పళ్లకు అడ్డం నిలుస్తుంది. వేగం తేడా ఉన్నంతసేపూ ఆ రాపిడే రింగును అడ్డంగా పట్టి ఉంచుతుంది. తేడా సున్నా కాగానే పట్టు సడలుతుంది, స్లీవ్ రింగును పక్కకు తోసి డాగ్ పళ్లలోకి దూరుతుంది. ఈ తంతు మొత్తం సెకనులో పదో వంతు నుంచి మూడో వంతు లోపల అయిపోవాలి.

అంకెలు వేసి చూస్తే

ఏపీ1 గేరు నిష్పత్తులు: ఫస్ట్ 3.133, సెకండ్ 2.045, థర్డ్ 1.481, ఫోర్త్ 1.161, ఫిఫ్త్ 0.970, సిక్స్త్ 0.810. 9000 దగ్గర ఫస్ట్ నుంచి సెకండ్ వేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ 5875కు దిగాలి, అంటే 3125 ఆర్‌పీఎం తేడా. సెకండ్ నుంచి థర్డ్‌కు తేడా 2482. థర్డ్ నుంచి ఫోర్త్‌కు 1945. పై గేర్లలో 1500 లోపే.

సింక్రో మింగాల్సిన శక్తి ఈ తేడా వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 1 నుంచి 2 మార్పు 3 నుంచి 4 మార్పు కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. అదే 1-2 మార్పును 7000 దగ్గర చేస్తే తేడా 2431. అంటే 7000 నుంచి 9000కు వెళ్లేసరికి సింక్రో మీద భారం 65 శాతం పెరిగింది. సెకండ్ గేరు సింక్రో అన్నిటికంటే ముందు ఎందుకు పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు టైమ్. కోన్ మీద పుట్టే టార్క్ = స్లీవ్ మీద బలం × ఘర్షణ గుణకం × కోన్ సగటు వ్యాసార్ధం ÷ కోన్ కోణం సైన్ విలువ. కోన్ కోణం మామూలుగా ఆరున్నర, ఏడు డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంకా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది కానీ రింగు కోన్‌కు అతుక్కుపోయి ఊడి రాదు. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. చేతి బలం 80 న్యూటన్లు, అంటే సుమారు ఎనిమిది కిలోలు. గేర్ రాడ్ దాన్ని పది రెట్లు చేస్తే స్లీవ్ మీద 800. ఘర్షణ గుణకం 0.1, వ్యాసార్ధం 30 మి.మీ., కోణం 7 డిగ్రీలు. టార్క్ దాదాపు 20 న్యూటన్ మీటర్లు వస్తుంది. క్లచ్ ప్లేటు, షాఫ్టులు, గేర్లు కలిపి ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గర జడత్వం 0.008 కిలో చదరపు మీటర్లు అనుకుంటే:

9000 దగ్గర 1-2 మార్పుకు 0.27 సెకన్లు పడుతుంది. 7000 దగ్గర 0.21. రాపిడి పట్టే తలాలు మూడు ఉండే మూడు కోన్ల సింక్రో అయితే పట్టు రెండున్నర రెట్లు దాటుతుంది, 9000 దగ్గర కూడా 0.10 సెకన్లలో పని అయిపోతుంది.

మీ చేయి 0.2 సెకన్లలో గేరు లాగేసే రకమైతే, సింగిల్ కోన్ బాక్సులో 7000కు కాస్త కింద వరకు ఇబ్బంది ఉండదు, ఆ పైన ప్రతి మార్పూ పోరే. “ఈ బాక్సు 7000 దాటి పడదు” అని జనం చెప్పుకునే అంకె వెనక ఉన్నది ఇదే. జడత్వం తగ్గినా, బలం పెరిగినా, ఇంకో 70 మిల్లీ సెకన్లు దొరికినా అదే బాక్సు 9000 దగ్గరా పడుతుంది.

ఇదే లెక్కలో క్లచ్ పూర్తిగా విడవకుండా ఇంజిన్ నుంచి కేవలం 5 న్యూటన్ మీటర్ల ఈడ్పు మిగిలిందనుకోండి. సెకండ్ గేరు దగ్గరికి వచ్చేసరికి అది 10 అవుతుంది. సింక్రోకు ఉన్న 20లో సగం దానికే పోయింది, టైమ్ 0.27 నుంచి 0.55 దాటింది. రింగు కొత్తదే, ఆయిల్ మంచిదే, అయినా గేరు పడదు. గేర్‌బాక్స్ షాపుల్లో మారే రింగుల్లో చాలావాటికి అసలు జబ్బు ఇక్కడే ఉంటుంది.

అడ్డుకోవడం వేరు, గర్రుమనడం వేరు

గేర్ రాడ్ మొండికేసి ఆగితే రింగు తన పని తాను చేస్తున్నట్టే. వేగాలు ఇంకా కలవలేదు కాబట్టి స్లీవ్‌ను రానివ్వడం లేదు. అనుమానించాల్సింది క్లచ్ ఈడ్పు, బరువైన క్లచ్ ప్లేటు, చాలని చేతి బలం.

గర్రుమంటే రింగు అడ్డుకోవడంలోనే విఫలమైంది. రింగు అరిగి ఉండొచ్చు, ఆయిల్ మరీ జారుడుగా ఉండొచ్చు, లేదా చేయి మరీ విసురుగా వచ్చి ఆయిల్ పొర తెగకముందే స్లీవ్ రింగును దాటేసి ఉండొచ్చు. మూడో రకం ఇంకోటి ఉంది, దీన్ని పట్టుకోవడం కష్టం. ముందు ఆగి, తర్వాత వదిలి, చివర్లో చిన్నగా “క్రక్” అంటుంది. వేగాలు కలిశాయి, రింగు దారి ఇచ్చింది. కానీ స్లీవ్ డాగ్ పళ్లకు చేరేలోపు ఉన్న ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీలో, ఈడుస్తున్న క్లచ్ గేరు వేగాన్ని మళ్లీ పెంచేసింది. ఈ చప్పుడు వింటే నేరుగా క్లచ్ దగ్గరికి వెళ్లండి.

దశ 1: ముందు రాసుకోండి

ఏ గేరులోకి, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర, పైకా కిందకా, బాక్సు చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఆగిందా గర్రుమందా. ఈ ఐదు వివరాలతో సగం నిర్ధారణ అయిపోతుంది. అన్ని గేర్లూ పైన ఇబ్బంది పెడితే క్లచ్. ఒక్క గేరే, అదీ పైకీ కిందకీ రెండు వైపులా గర్రుమంటే ఆ గేరు రింగు. చల్లగా ఉన్నప్పుడే బిగుసుకుని, పది కిలోమీటర్ల తర్వాత బాగైతే ఆయిల్ చిక్కదనం. ట్రాక్ మీద పది పన్నెండు ల్యాపుల తర్వాతే మొదలైతే క్లచ్ వేడి లేదా క్లచ్ ఫ్లూయిడ్. స్ట్రెయిట్‌లో బాగుండి మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు మాత్రమే తప్పితే మౌంటులు (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు).

దశ 2: క్లచ్ నిజంగా విడుస్తోందా

ఇంజిన్ వేడెక్కాలి. చదునైన ఖాళీ స్థలం, హ్యాండ్ బ్రేక్ గట్టిగా, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు, కారు ముందు ఎవరూ ఉండకూడదు.

మొదటి పరీక్ష: న్యూట్రల్‌లో ఐడిల్ మీద క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. రివర్స్‌కు సింక్రో లేని బాక్సు అయితే చప్పుడు లేకుండా పడాలి. గర్రుమంటే ఐదు సెకన్ల తర్వాత కూడా ఇన్‌పుట్ షాఫ్ట్ తిరుగుతూనే ఉంది. రివర్స్‌కూ సింక్రో ఉన్న బాక్సుల్లో ఈ పరీక్షను నమ్మకూడదు.

రెండోది అసలు పరీక్ష. క్లచ్ తొక్కి పెట్టి ఐదు సెకన్లు ఆగండి. పాదం కదపకుండా ఇంజిన్‌ను 2000కు తెచ్చి, రెండు వేళ్లతో మెల్లగా ఫస్ట్ వేయండి. మళ్లీ న్యూట్రల్. ఇదే 4000 దగ్గర, తర్వాత 6000 దగ్గర. ప్రతిసారీ రెండు మూడు సెకన్లకు మించొద్దు, క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ ఊరికే అరుగుతుంది. మూడు చోట్లా వేళ్లకు ఒకే బరువు తెలియాలి. 2000 దగ్గర సాఫీగా పడి 6000 దగ్గర మొండికేసినా, గేరు పడ్డాక కారు ముందుకు పాకాలని చూసినా, ఆర్‌పీఎం పెరిగే కొద్దీ క్లచ్ ఈడుస్తోందని అర్థం.

ఇంత తేడా ఎందుకంటే, ప్లేటు కాస్త వంగినా, స్ప్లైన్ల (ప్లేటు జారే షాఫ్ట్ గాడుల) మీద తుప్పు పట్టినా, గ్రీజు ఎండి గట్టిపడినా ప్లేటు ఫ్లైవీల్ నుంచి పూర్తిగా ఎడం కాదు. ఐడిల్‌లో ఆ ఈడ్పును రింగు లెక్కచేయదు. ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ దగ్గర మోసే పైలట్ బేరింగ్ బిగుసుకున్నా ఇవే లక్షణాలు. క్లచ్ ఎంత బాగా విడిచినా క్రాంక్ నేరుగా ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కును తిప్పుతూనే ఉంటుంది. క్లచ్ సెట్ మార్చేటప్పుడు పైలట్ బేరింగ్ డబ్బులు మిగుల్చుకోవడం పిసినారితనం కూడా కాదు, నష్టం.

దశ 3: పెడల్ నుంచి ఫోర్క్ దాకా

క్లచ్ ఫ్లూయిడ్ నల్లగా మారి ఉంటే మార్చండి. తేమ పట్టిన ఫ్లూయిడ్ ఎగ్జాస్ట్ పక్కన ఉన్న గొట్టంలో మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. పెడల్ కిందికి వెళ్తుంది కానీ క్లచ్‌ను విడిపించే ఫోర్క్ (గేరు స్లీవ్‌ను నెట్టేది కాదు) పూర్తిగా కదలదు. డాట్ 4 రకం ఫ్లూయిడ్ వేసి గాలి పూర్తిగా తీయాలి. సంవత్సరానికోసారి చాలు. ట్రాక్‌కు తరచూ వెళ్లే కారుకు సీజన్‌లో రెండుసార్లు.

మెత్తబడిన రబ్బరు హోస్ ఒత్తిడికి ఉబ్బి కొంత స్ట్రోక్ తినేస్తుంది, స్టీల్ అల్లిక హోస్‌తో అది పోతుంది. పెడల్ ఫ్రీ ప్లే (మొదట్లో ఉత్తగా కదిలే దూరం) సర్వీస్ మాన్యువల్ చెప్పినంతే ఉండాలి. ఎక్కువైతే విడవదు, అసలు లేకపోతే క్లచ్ జారుతుంది.

9000 దగ్గర పెడల్ నేలకు అతుక్కుని, ఆర్‌పీఎం దిగాక పైకి వస్తోందా? ఎక్కువగా కారణం క్లచ్ డయాఫ్రం స్ప్రింగ్ వేళ్లను అవసరానికి మించి నొక్కడం. ఒక హద్దు దాటి నొక్కితే వేళ్లు వెనక్కి తన్నే బలం తగ్గిపోతుంది, అధిక వేగంలో అపకేంద్ర బలం తోడై అవి అక్కడే ఉండిపోతాయి. దీనికి మందు పెడల్ స్టాప్. క్లచ్ పూర్తిగా విడిచిన చోటు నుంచి ఇంకో 10 మి.మీ. పెడల్ కదలిక వదిలి స్టాప్ బిగించండి. షిఫ్ట్ కూడా కొంచెం వేగమవుతుంది, అది అదనపు లాభం.

దశ 4: బెల్ హౌసింగ్ కేంద్రం

బెల్ హౌసింగ్ అంటే క్లచ్ చుట్టూ ఉండి ఇంజిన్‌కు బాక్సును కలిపే గుల్ల. కంపెనీ నుంచి వచ్చిన ఇంజిన్, బాక్సు జతే ఉంటే ఈ దశ వదిలేయండి. ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ మార్చినవాళ్లు మాత్రం దాటవేయకండి. అడాప్టర్ ప్లేటు వాడితే మరీను.

డయల్ గేజ్‌ను అయస్కాంత స్టాండుతో ఫ్లైవీల్ మీద నిలబెట్టి, ముల్లు బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం అంచుకు తగిలించి, క్రాంక్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. మొత్తం ఊపు 0.005 అంగుళం, అంటే 0.13 మి.మీ. దాటకూడదు. దాటితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు (హౌసింగ్ స్థానాన్ని నిలిపే, కేంద్రం పక్కకు జరిపిన పిన్నులు) వేయాలి. ఇవి 0.007, 0.014, 0.021 అంగుళాల సైజుల్లో దొరుకుతాయి. ఊపు 0.014 అయితే 0.007 డోవెల్ వేస్తారు, కేంద్రం జరిగింది ఊపులో సగమే కాబట్టి. కేంద్రం తప్పితే ఇన్‌పుట్ షాఫ్ట్ ప్రతి చుట్టుకీ పక్కకు వంగుతుంది. క్లచ్ ప్లేటు స్ప్లైన్ల మీద జారదు, పైలట్ బేరింగ్ త్వరగా పోతుంది. నాలుగు వేల దాకా ఇదేదీ బయటపడదు.

దశ 5: ఆయిల్

సింక్రోకు రాపిడి కావాలి. గేరు పళ్లకు జారుడు కావాలి. ఒకే ఆయిల్ రెండూ చేయాలి కాబట్టి దీని ఎంపికలో సొంత తెలివి పనికిరాదు, మాన్యువల్ ఏం చెబితే అది. మన షాపుల్లో “గేర్ ఆయిల్” అని అడిగితే 90 నంబరు డబ్బా చేతిలో పెడతారు, చాలాసార్లు అది వెనక డిఫరెన్షియల్ కోసం చేసిన జీఎల్-5. దాని గంధకం, ఫాస్ఫరస్ రసాయనాలు జీఎల్-4 కంటే ఎక్కువ. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్లకు అది వరం. ఇత్తడి రింగుకు అటు పట్టూ పోతుంది, కాలం గడిస్తే ఇటు లోహమూ తినేస్తుంది. డబ్బా మీద జీఎల్-4 అనో, ఆ కంపెనీ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ అనో ఉండాలి. ట్రెమెక్ టీ56 లాంటి బాక్సులు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్‌తో నడుస్తాయి. వాటిలో చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే చల్లటి ఉదయం సెకండ్ గేరు పడదు.

కొలత కూడా ముఖ్యమే. ఎస్2000కు ఆయిల్ మార్పులో పట్టేది దాదాపు లీటరున్నర. కారు చదునుగా ఉండగా ఫిల్ రంధ్రం అంచు దాకా వచ్చి కారడం మొదలవగానే ఆపాలి. ఎక్కువ పోస్తే గేర్లు ఆయిల్‌ను చిలికి వేడి, నురగ పుట్టిస్తాయి.

తీసిన ఆయిల్‌ను పారబోయకముందు ఎండలో చూడండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిద రంగు పేస్టు మామూలే. బంగారు పొడిలా మెరిస్తే ఇత్తడి రింగు అరుగుతోంది. గోరుకు తగిలే ఇనుప ముక్కలు ఉంటే డాగ్ పళ్లు విరుగుతున్నాయి, అప్పుడు మిగతా దశలు మానేసి నేరుగా ఎనిమిదికి వెళ్లండి.

దశ 6: గేర్ రాడ్, బుష్‌లు, మౌంటులు

షార్ట్ షిఫ్టర్ గురించి ఎవరూ చెప్పనిది ఒకటుంది. చేయి కదిలే దూరం 30 శాతం తగ్గితే, అదే చేతి బలానికి స్లీవ్ మీద పడే బలమూ 30 శాతం తగ్గుతుంది. పై లెక్కలో 800 న్యూటన్లు 560 అవుతాయి, 0.27 సెకన్లు 0.39 అవుతాయి. పార్కింగ్‌లో చేతికి ఎంతో బాగుంటుంది, 9000 దగ్గర మొండికేస్తుంది. బరువైన నాబ్ కొంత ఆదుకుంటుంది. అసలు 15 శాతం కంటే ఎక్కువ తగ్గించకపోవడమే మంచిది.

గేర్ రాడ్ బాడీకి బిగించి, బాక్సుకు కేబుళ్లతోనో రాడ్డుతోనో కలిపిన కార్లలో అరిగిన మౌంటులు పెద్ద సమస్య. పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి, యాక్సిలరేటర్ వదలగానే రెండో పక్కకు ఊగుతుంది. గేటు (గేర్ రాడ్ కదిలే దారి) మీ చేతి కింద జరిగిపోతుంది. మౌంటుల రబ్బరు చిట్లిందేమో చూసి, కేబుల్ చివర బుష్‌లు మార్చండి. చవకైన పని, ఫలితం వెంటనే తెలుస్తుంది.

దశ 7: చేయి, కాలు

రెండు మెట్లలో నొక్కాలి. క్లచ్ తొక్కుతూనే గేర్ రాడ్‌ను న్యూట్రల్ దాటించి, కొత్త గేరు వైపు మొదటి బిగువు తగిలేదాకా తేలిగ్గా తీసుకెళ్లండి. అక్కడ రింగు కోన్‌ను పట్టుకుంటుంది. ఆ బిగువు తగిలాక గట్టిగా, ఆపకుండా నొక్కండి. రెండిటి మధ్య విరామం కంటికి కనబడదు, చేతికి మాత్రం తెలుస్తుంది. మొదటి మెట్టు లేకుండా విసిరికొట్టే చేయి రింగు పళ్ల కొనల్ని గుండ్రంగా అరగదీస్తుంది, ఆ కొనలు పోయాక ఎంత మెల్లగా వేసినా గర్రే.

సెకండ్ నుంచి థర్డ్‌కు వెళ్లేటప్పుడు అరచేయి తెరిచి ముందుకు నెట్టండి, పక్కకు మీరు తిప్పొద్దు, లోపలి స్ప్రింగ్ దానంతట అదే మధ్య గేటుకు తెస్తుంది. పిడికిలి బిగించి లాగే చేతికే గేట్లు తప్పుతాయి. పూర్తి థ్రాటిల్ మీదే క్లచ్ తన్ని గేరు లాగే పవర్ షిఫ్ట్ సింక్రో బాక్సుకు పనికిరాదు. ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) నో-లిఫ్ట్ షిఫ్ట్ (యాక్సిలరేటర్ వదలకుండా గేరు మార్చే అమరిక) పెట్టుకుంటే ఇంజిన్ ఎగిరిపోకుండా ఆగుతుంది, క్లచ్ బతుకుతుంది. కానీ సింక్రో మీద భారం ఒక్క గ్రాము కూడా తగ్గదు, ఎందుకంటే అది మోసేది క్లచ్ ప్లేటు వైపునే.

గేరు దించేటప్పుడు లెక్క ఇంకా బిగుస్తుంది. థర్డ్ నుంచి సెకండ్‌కు దిగి సెకండ్‌లో 8500 రావాల్సిన వేగంలో ఉన్నారంటే, ఇన్‌పుట్ షాఫ్ట్‌ను 6156 నుంచి 8500కు ఎక్కించాలి. పైకి మార్చేటప్పుడు సాయపడిన ఆయిల్ ఈడ్పు ఇప్పుడు ఎదురు తిరుగుతుంది. హీల్ అండ్ టో (ఒకే పాదంతో బ్రేకు తొక్కుతూ యాక్సిలరేటర్ ఇవ్వడం) చేస్తే సింక్రోకు ఊరట అనుకునేవాళ్లు చాలామంది. క్లచ్ తొక్కి ఉండగా యాక్సిలరేటర్ గుద్దితే పెరిగేది ఇంజిన్ వేగమే, ఇన్‌పుట్ షాఫ్ట్‌ది కాదు. ఊరట వెనక టైర్లకూ క్లచ్‌కూ. సింక్రోకు ఊరట కావాలంటే న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. ట్రాక్ మీద టైమ్ లేకపోతే ఇంకో దారి ఉంది: బ్రేకింగ్‌లో ఆలస్యంగా, కారు వేగం ఇంకా తగ్గాక గేరు దించడం. 8500 బదులు 6500కు దిగితే శక్తి లెక్కలో భారం 40 శాతం పైగా తగ్గుతుంది.

షిఫ్ట్ లైట్ అన్ని గేర్లకూ ఒకే అంకె దగ్గర పెట్టొద్దు. ఫస్ట్‌లో ఇంజిన్ సెకనుకు 3000 ఆర్‌పీఎం ఎక్కుతుంటే, లైట్ చూసి కాలు కదిలే 0.2 సెకన్లలో 600 ఎక్కేస్తుంది. ఫోర్త్‌లో అది వందో నూటయాభయ్యో ఉంటుంది. ఫస్ట్‌కు లైట్ 8300 దగ్గర, ఫోర్త్‌కు 8800 దగ్గర పెడితే రెండూ ఒకే చోట తేలతాయి.

దశ 8: బాక్సు విప్పితే కొలవాల్సినవి

ఇంతదాకా అన్నీ సరిగ్గా ఉండి, ఒక్క గేరే మొరాయిస్తుంటే అప్పుడు విప్పండి. రింగును దాని కోన్ మీద పెట్టి చేత్తో నొక్కి తిప్పండి. పట్టి ఆగాలి, జారకూడదు. నొక్కి ఉంచి, రింగుకూ డాగ్ పళ్ల ముఖానికీ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో మూడు చోట్ల చూడండి. చాలా కార్ల బాక్సుల్లో కొత్తగా ఉన్నప్పుడు ఇది 0.8 నుంచి 1.2 మి.మీ. ఉంటుంది, 0.4 దగ్గరకు వస్తే రింగు పనైపోయింది. మూడు చోట్లా ఒకేలా లేకపోతే రింగు వంగింది, అదీ తీసేయాల్సిందే. ఫోర్క్‌కూ స్లీవ్ గాడికీ మధ్య ఖాళీ ఒక మిల్లీమీటరు దాటితే ఫోర్క్ మార్చాలి. మీ బాక్సు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం.

కోన్ నీలం రంగుకు తిరిగిందా, అద్దంలా నునుపెక్కిందా చూడండి. అలాంటి కోన్ మీద కొత్త రింగు వేస్తే నెల తిరగకుండా పాత కథే. డాగ్ పళ్ల కొనలు, స్లీవ్ పళ్ల కొనలు గోటితో తడిమితే పదునుగా తగలాలి. రింగు, స్లీవ్, హబ్ ఒక సెట్‌గా అరుగుతాయి కాబట్టి ఒక సెట్‌గానే మార్చండి. రింగు ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చే సలహా ఎక్కువగా మళ్లీ విప్పిస్తుంది. కూలి రెండుసార్లు పోతుంది.

హద్దును పైకి నెట్టాలంటే

ఖర్చుకు తగ్గ ఫలితం క్లచ్ ప్లేటులో ఉంది. ఒకే మందం ఉన్న ప్లేటు జడత్వం వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది: 240 మి.మీ. ప్లేటు బదులు 200 మి.మీ. వేస్తే సగానికి పడిపోతుంది. పవర్ పెంచుకున్నామని బరువైన పెద్ద ట్విన్ డిస్క్ (రెండు ప్లేట్ల క్లచ్) వేసి, ఆ తర్వాత గేరు పడటం లేదని బాక్సును తిట్టడం చాలా మామూలు. ట్విన్ డిస్క్ తప్పకపోతే చిన్న వ్యాసంది తీసుకోండి. తేలికైన ఫ్లైవీల్ ఇంజిన్‌ను త్వరగా దించుతుంది, క్లచ్ కాస్త ఈడ్చినా నష్టం తగ్గిస్తుంది, అంతవరకే. సింక్రో మోసే బరువులో ఫ్లైవీల్ లేదు.

తర్వాతిది సింక్రో రకం. అమెరికాలో 2004 మోడల్ ఎస్2000కు 2.2 లీటర్ ఇంజిన్ వచ్చి రెడ్‌లైన్ 8000కు దిగినా, హోండా సింక్రోలను కార్బన్‌కు మార్చింది. కార్బన్ పూత వేడిని తట్టుకుంటుంది, పట్టు నిలకడగా ఉంటుంది. తప్పు ఆయిల్‌ను మాత్రం ఇత్తడి కంటే తక్కువ క్షమిస్తుంది. ట్రెమెక్ తన టీకేఎక్స్ ఐదు గేర్ల బాక్సుకు 8000 ఆర్‌పీఎం దాకా షిఫ్ట్ సామర్థ్యం చెబుతుంది. ఆ అంకె బాక్సుది, మీరు దాని ముందు బిగించిన క్లచ్‌ది కాదు.

రెడ్‌లైన్ దగ్గర తప్పు గేరు పడితే ఏ సింక్రో కాపాడదు, పైగా మంచి సింక్రో అయితే ఆ తప్పు గేరును సాఫీగా వేసి పెడుతుంది. ఏపీ1 థర్డ్‌లో 9000 దగ్గర ఫోర్త్ అనుకుని సెకండ్ వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ 12,400 దాటుతుంది. రెవ్ లిమిటర్ ఇంధనం ఆపగలదు కానీ చక్రాలు తిప్పే క్రాంక్‌ను ఆపలేదు. అదే వేగంలో ఫస్ట్ పడితే క్లచ్ వదలకపోయినా ప్రమాదమే: క్లచ్ ప్లేటు 19,000 ఆర్‌పీఎంకు చేరుతుంది. ప్లేటు లైనింగ్ ఆ వేగానికి ముక్కలై బెల్ హౌసింగ్‌ను చీల్చుకు రాగలదు. అరచేయి తెరిచి గేరు వేయమన్నది స్టైల్ కోసం కాదు. గేటు వెతుక్కోవాల్సి వస్తోందంటే ఆరో దశకు తిరిగి వెళ్లి బుష్‌లు మార్చేదాకా రెడ్‌లైన్ ముట్టుకోవద్దు.

ఇవన్నీ చేశాక కూడా 0.1 సెకను లోపు మార్పులు కావాలంటే దారి డాగ్ బాక్స్ ఒక్కటే. రింగులు ఉండవు, పెద్ద ఖాళీలున్న కొద్దిపాటి లావు పళ్లు నేరుగా కొట్టుకుని పట్టుకుంటాయి. అక్కడ మెల్లగా వేస్తేనే పాడవుతుంది. ట్రాఫిక్‌లో నరకం, పళ్లను రేసుకు రేసుకు చూసుకుంటూ ఉండాలి. రోడ్డు మీద కూడా తిరిగే కారుకు కొత్త మల్టీ కోన్ రింగులు, చిన్న ప్లేటు వేసి, మొదటి 800 కిలోమీటర్లు 5000 దాటకుండా సిటీలో నడపండి. ఆ తర్వాత ఆయిల్ ఒకసారి మార్చి, అయస్కాంతం తుడిచి, వారానికి 500 చొప్పున షిఫ్ట్ పాయింట్ పెంచుకుంటూ వెళ్లండి. బిగువు ఏ అంకె దగ్గర మారిందో మొదటి దశ కాగితం మీదే రాసుకోండి.